అపెరోల్‌ను చక్కెర లెక్కలో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డ్యూటీ ఫ్రీలో అపెరోల్ అనే ఇటలీ నారింజ లిక్కర్ లీటరు సీసా కొని హైదరాబాద్ తెచ్చుకున్నారు. దానికి బుడగల వైన్, సోడా కలిపి స్ప్రిట్జ్ చేస్తే నీళ్ళనీళ్ళగా వచ్చింది. నెగ్రోనీ అనే జిన్ డ్రింకులో కాంపారి అనే చేదు లిక్కర్ బదులు పోస్తే పాకం తాగినట్టు అనిపించింది. ఇంట్లో జిన్, బర్బన్ (అమెరికా విస్కీ), తీపి వర్మూత్ (మూలికలు వేసిన వైన్), నిమ్మకాయలు ఉన్నాయి. "ఇది ఒక్క డ్రింకుకే పనికొచ్చే సీసానా?" అన్నది మీ సందేహం.

కాదండీ. పదహారేళ్ళుగా బార్ వెనక నిలబడి పనిచేస్తున్నాను. అందులో ఐదేళ్ళు ఓడ మీదే. నేను ఎక్కువగా ఖాళీ చేసిన సీసాల్లో అపెరోల్ ఒకటి. మొదటి రెండేళ్ళూ నేనూ మీరు చేసిన తప్పే చేశాను. దీన్ని కాంపారికి మెత్తని రూపం అనుకుని, కాంపారి ఉన్నచోటల్లా దీన్ని పోసేవాణ్ణి. ఒక్కటీ కుదిరేది కాదు. తర్వాత అర్థమైన సంగతి ఏమిటంటే, గ్లాసులో అపెరోల్ చేసే పనిలో చేదు వాటా చిన్నది, తీపి వాటా పెద్దది. కాస్త చేదు, కాస్త నారింజ తొక్క వాసన ఉన్న చక్కెర సిరప్ అని దీన్ని అనుకుంటే చాలా డ్రింకులు వాటంతట అవే సర్దుకుంటాయి.

సీసాలో ఏముందో ముందు చూద్దాం. 1919లో ఇటలీలోని పాడువా నగరంలో లుయిజి, సిల్వియో బార్బియేరి అనే అన్నదమ్ములు దీన్ని అక్కడి సంతలో మొదటిసారి జనం ముందు పెట్టారు. చేదు నారింజ, తీపి నారింజ, రూబార్బ్, జెన్షియన్ వేరు, సింకోనా బెరడు దీని రుచికి మూలాలు. సింకోనా అంటే క్వినైన్ వచ్చే చెట్టే. ఆల్కహాల్ 11 శాతం మాత్రమే, అంటే మామూలు వైన్ అంత. కాంపారిలో ఇది దేశాన్ని బట్టి మారుతుంది కానీ సుమారు 25 శాతం ఉంటుంది. రెండూ ఇప్పుడు ఒకే సంస్థవి కాబట్టి షాపులో పక్కపక్కనే కనిపిస్తాయి, రంగులూ దగ్గరగా ఉంటాయి. అక్కడే చాలామంది పొరపాటు పడతారు. కాంపారి చేదు నాలుక వెనక పట్టుకుని చాలాసేపు ఉంటుంది. అపెరోల్ చేదు దబ్బకాయ తొక్కను గోటితో గిల్లి నాలుకకు తగిలించినట్టు వచ్చి పోతుంది, తీపి మిగులుతుంది.

ఇప్పుడు మీ నెగ్రోనీ సంగతి. మామూలు నెగ్రోనీలో జిన్, కాంపారి, తీపి వర్మూత్ సమానంగా పోస్తారు. అందులో తీపి వర్మూత్‌కు ఎదురు నిలబడేది కాంపారి చేదు, దాని ఘాటు. మీరు దాన్ని తీసేసి అపెరోల్ పోసినప్పుడు ఆ కాపలా పోయింది. వర్మూత్ తీపి, అపెరోల్ తీపి కలిశాయి, ఆల్కహాల్ కూడా తగ్గింది. పాకంలా రాక తప్పదు. దీనికి బార్లలో బాగా తెలిసిన మందు ఒకటుంది: తీపి వర్మూత్ తీసేసి డ్రై వర్మూత్ పోయడం. జిన్, అపెరోల్, డ్రై వర్మూత్ తలా 30 మి.లీ., ఐస్‌తో బాగా కలియబెట్టి వడగట్టి, నారింజ తొక్క పిండితే దాన్ని కాంటెస్సా అంటారు. నాకు జిన్ కొంచెం ఎక్కువ కావాలి కాబట్టి 40 పోస్తాను. డ్రై వర్మూత్ కొనే ఉద్దేశం లేకపోతే, మీ దగ్గరున్న వాటితోనే జిన్ 45, అపెరోల్ 22, తీపి వర్మూత్ 15, అంగోస్తురా బిటర్స్ (చుక్కల్లో వాడే చేదు మూలికల సారం) రెండు చుక్కలు వేసి చూడండి. అది నెగ్రోనీ కాదు, కానీ తాగాలనిపించే డ్రింకే.

స్ప్రిట్జ్ నీళ్ళగా రావడానికి కారణం వేరు. అందరూ చెప్పుకునే కొలత 3-2-1: ప్రొసెక్కో (ఇటలీ స్పార్క్లింగ్ వైన్) మూడు పాళ్ళు, అపెరోల్ రెండు, సోడా ఒకటి. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత కూడా దాదాపు అదే: ప్రొసెక్కో 90 మి.లీ., అపెరోల్ 60, పైన కొద్దిగా సోడా. ఈ "కొద్దిగా" దగ్గరే ఇళ్ళలో లెక్క తప్పుతుంది. పెద్ద గ్లాసు తీసుకుని, నాలుగు ఐస్ ముక్కలు వేసి, మిగిలిన ఖాళీ అంతా సోడాతో నింపుతారు. సోడా 30 మి.లీ. దాటనివ్వకండి, కొలిచి పోయండి. గ్లాసు అంచు దాకా ఐస్ వేయండి. ఐస్ ఎక్కువైతే నీళ్ళవుతుందని చాలామంది భయపడతారు, జరిగేది దానికి ఎదురు. నిండా ఐస్ ఉంటే మొత్తం చల్లగా ఉండి నెమ్మదిగా కరుగుతుంది. నాలుగు ముక్కలే వేస్తే ఐదు నిమిషాల్లో కరిగిపోతాయి. వైన్, సోడా, అపెరోల్ మూడూ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవై ఉండాలి. హైదరాబాద్ ఏప్రిల్‌లో టేబుల్ మీదున్న సోడా పోస్తే ఆ డ్రింకును ఎవరూ బాగుచేయలేరు.

పోసే వరుస కూడా పట్టించుకోదగ్గదే. ఐస్, తర్వాత వైన్, దాని మీద అపెరోల్, చివర సోడా. అపెరోల్‌లో చక్కెర ఉంది కాబట్టి వైన్ కంటే బరువు. ముందు పోస్తే అడుగున కూర్చుంటుంది, తర్వాత గరిటెతో గట్టిగా తిప్పాలి, ఆ తిప్పడంలో బుడగలు పోతాయి. పైనుంచి పోస్తే తనే దిగుతూ కలుస్తుంది. చివర స్పూన్‌తో అడుగు నుంచి ఒక్కసారి మెల్లగా పైకి లేపితే చాలు.

ప్రొసెక్కో కొనేటప్పుడు లేబుల్ చదవండి. "ఎక్స్‌ట్రా డ్రై" అన్న మాట చూసి అసలు తీపి లేనిదనుకుంటారు. నిజానికి అది బ్రూట్ కంటే తియ్యన: లీటరుకు 12 నుంచి 17 గ్రాముల చక్కెర. బ్రూట్ అంటే 12 గ్రాముల లోపు. "డ్రై" అని మాత్రమే రాసి ఉంటే ఇంకా ఎక్కువ, 17 నుంచి 32 దాకా. అపెరోల్ తన తీపి తనే తెస్తుంది కాబట్టి నేను ఎప్పుడూ బ్రూట్ తీసుకుంటాను. మీకు ప్రొసెక్కోనే దొరకాలని పట్టేమీ లేదు. నాసిక్ వైపు తయారయ్యే బ్రూట్ రకం స్పార్క్లింగ్ వైన్‌తో నేను చాలాసార్లు చేశాను, బాగుంటుంది. ఇటలీలో కూడా స్ప్రిట్జ్ ప్రొసెక్కోతో పుట్టలేదు. 19వ శతాబ్దంలో వెనిస్ ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉన్నప్పుడు, అక్కడి వైన్ ఘాటుగా ఉందని ఆ దేశపు సైనికులు, వ్యాపారులు నీళ్ళు కలుపుకునేవారని చెబుతారు. "చిలకరించడం" అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. చేదు లిక్కర్ అందులో చేరింది తర్వాతే.

మా ఓడ వెనిస్ చేరినప్పుడు డ్యూటీ లేని మధ్యాహ్నాల్లో నేను బాకారోలకు వెళ్ళేవాణ్ణి. అంటే నిలబడి తాగి, చిన్నచిన్న తినుబండారాలు తినే ఇరుకు కొట్లు. అక్కడ "స్ప్రిట్జ్" అంటే సరిపోదు, దేనితో అని అడుగుతారు: అపెరోల్‌తోనా, కాంపారితోనా, సెలెక్ట్‌తోనా. సెలెక్ట్ 1920లో వెనిస్‌లోనే పుట్టింది. ఆల్కహాల్ 17.5 శాతం, చేదులోనూ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. చాలా కొట్లలో గ్లాసులో ఒక ఆకుపచ్చ ఆలివ్ పుల్లకు గుచ్చి వేస్తారు. ఆ ఆలివ్ అలంకారం కోసమని అనుకున్నాను. కొరికిన తర్వాత తెలిసింది, దాని ఉప్పు తగిలిన వెంటనే డ్రింకులో తీపి తగ్గి నారింజ వాసన ముందుకొస్తుంది. అప్పటినుంచి అపెరోల్ వేసిన ప్రతి డ్రింకులో ఉప్పునీళ్ళు రెండు మూడు చుక్కలు వేస్తున్నాను. 80 గ్రాముల నీళ్ళకు 20 గ్రాముల ఉప్పు కరిగించి చుక్కల సీసాలో ఉంచుకుంటే నెలల తరబడి వస్తుంది. ఉప్పు రుచి తెలియకూడదు. తెలిసిందంటే ఎక్కువైనట్టు.

ఇక ఆ చక్కెర లెక్క. నా బార్‌లో కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే కొలత ఇది: డ్రింకులో 30 మి.లీ. అపెరోల్ పోస్తే, మామూలు చక్కెర సిరప్ 10 మి.లీ. తగ్గించండి. విస్కీ సవర్‌తో చూడండి. నేను విస్కీ 60, నిమ్మరసం 22, సిరప్ 20 పోస్తాను. అందులో అపెరోల్ 30 చేర్చాలనుకుంటే సిరప్‌ను 10కి దించాలి. అదే 60 అపెరోల్ అయితే సిరప్ అవసరమే దాదాపు ఉండదు. ఈ ఒక్క లెక్క చేతికొస్తే కొత్త డ్రింకులు మీరే కట్టుకోవచ్చు.

పేరున్న డ్రింకుల్లోనూ ఇదే కనిపిస్తుంది. పేపర్ ప్లేన్ తీసుకోండి. న్యూయార్క్ బార్‌టెండర్ సామ్ రాస్ 2008లో షికాగోలోని ద వయొలెట్ అవర్ బార్ కోసం దీన్ని తయారుచేశాడు. బర్బన్, అపెరోల్, అమారో నోనీనో (ఇటలీ మూలికల లిక్కర్), నిమ్మరసం సమాన భాగాలు, షేక్ చేసి వడగట్టడమే. అందులో సిరప్ లేదని గమనించండి. మొదట కాంపారితో మొదలుపెట్టి అపెరోల్‌కు మారాడన్నది ఇందులో నాకు ఇష్టమైన సంగతి. కాంపారి ఆ గ్లాసులో మిగతావాటిని మింగేస్తుంది. 30 మి.లీ. నిమ్మరసం అంటే చాలా పులుపు. దాన్ని మోసేంత తీపి ఉండాలి, కానీ నోనీనోలోని మూలికల వాసన కనిపించేంత నెమ్మది కూడా ఉండాలి. అపెరోల్ ఆ రెండు పనులూ చేస్తుంది.

మీకు బర్బన్ ఉంది, నోనీనో లేదు. అది దొరకడమూ కష్టమే, ధర కూడా ఎక్కువ. బర్బన్ 45, అపెరోల్ 30, నిమ్మరసం 22, అంగోస్తురా రెండు చుక్కలు, సిరప్ 7 మి.లీ. వేసి షేక్ చేయండి. పేపర్ ప్లేన్ లోతు రాదు, కానీ దాని దారిలోనే ఉంటుంది. ఈ రాత్రికి మొదటి డ్రింకు ఏది చేయాలని అడిగితే ఇదే చేయమంటాను.

ఇక్కడ నిమ్మకాయ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో తేడా కొట్టేది ఇదే. పాశ్చాత్య రెసిపీల్లో "లెమన్" అంటే పెద్ద పసుపు కాయ, మెత్తని పులుపు. మన మార్కెట్లో దొరికే చిన్న కాయ లైమ్ జాతి, ఇంకా పదునుగా ఉంటుంది. అరచేతిలో పెట్టి చివరి చుక్క దాకా పిండితే తొక్కలోని చేదు కూడా దిగుతుంది. అపెరోల్ చేదుకు ఆ చేదు తోడైతే డ్రింకు వగరుగా తోస్తుంది. కాయను సగం దాకా మాత్రమే పిండండి, గింజలు వడగట్టండి, లెమన్ అని ఉన్నచోట ఐదు మి.లీ. తగ్గించి మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోండి. పైన నేను మీకు చెప్పిన 22 మన నిమ్మకాయకే.

లైమ్ అనే అడిగే డ్రింకులైతే మనకు వరమే. నేకెడ్ అండ్ ఫేమస్ అలాంటిది: 2011లో న్యూయార్క్‌లోని డెత్ అండ్ కో బార్‌లో హోకీన్ సీమో చేశాడు. మెస్కల్ (టెకీలాకు దగ్గరి మెక్సికో మద్యం), పసుపు షార్ట్రూజ్ (మూలికల లిక్కర్), అపెరోల్, లైమ్ రసం సమానంగా. ఇందులోనూ సిరప్ లేదు. మెస్కల్ పొగ వాసనకు నారింజ తొక్క చేదు ఎంత బాగా అతుకుతుందో తాగితేనే తెలుస్తుంది. షార్ట్రూజ్ తయారుచేసే ఫ్రాన్స్ సన్యాసులు ఉత్పత్తిని పెంచకూడదని నిర్ణయించుకున్నాక ఆ సీసా ఎక్కడైనా కరువే, కాబట్టి విదేశాల్లో ఉన్న మన వాళ్ళెవరికైనా మంచి బార్‌లో కనిపిస్తే అక్కడే తాగండి. ఇంట్లో టెకీలా ఉంటే మాత్రం మార్గరీటాలో ఆరెంజ్ లిక్కర్ బదులు అపెరోల్ వేయొచ్చు: టెకీలా 50, అపెరోల్ 30, నిమ్మరసం 22, సిరప్ 7. మామూలుగా వేసే ఆరెంజ్ లిక్కర్ క్వాంత్రోలో 40 శాతం ఆల్కహాల్ ఉంటుంది, అపెరోల్‌లో 11. అందుకే టెకీలా కొంచెం పెంచాను. ఇలా మార్చిన ప్రతిసారీ పోయిన బలాన్ని బేస్ స్పిరిట్‌తో, అంటే డ్రింకులోని ముఖ్యమైన మద్యంతో పూడ్చాలి.

అపెరోలే బేస్‌గా నిలబడే డ్రింకు నాకు తెలిసి ఒక్కటే నిజంగా గొప్పది. న్యూయార్క్ పెగూ క్లబ్‌లో ఆడ్రీ సాండర్స్ చేసిన "ఇంట్రో టు అపెరోల్". అపెరోల్ 60, జిన్ 30, నిమ్మరసం 22, సిరప్ 7, అంగోస్తురా ఒక విదిలింపు. నేను సిరప్ సగమే వేస్తాను. మామూలుగా జిన్ 60 ఉండాల్సిన చోట ఇక్కడ జిన్ వెన్నెముకలా వెనక ఉండి, అపెరోల్ ముందుంటుంది. మీ సీసా ఏ రుచితో ఉందో అర్థం కావాలంటే ఇది తాగి చూడాలి. కోడిగుడ్డు తెల్లసొన ఇష్టమున్నవాళ్ళు ఇందులో ఒకటి వేసి, ముందు ఐస్ లేకుండా షేక్ చేసి తర్వాత ఐస్‌తో మళ్ళీ షేక్ చేస్తే పైన మంచి నురగ వస్తుంది, రంగు లేత గులాబీ నారింజకు తిరుగుతుంది. గుడ్డు తాజాది అయితేనే.

బీరు తాగే స్నేహితులొస్తే: అమెరికాలో బాల్టిమోర్‌లో పుట్టిన స్పగెట్ అనే డ్రింకు చేయండి. తేలికపాటి లాగర్ సీసా తెరిచి, మెడ దాకా ఉన్నది తాగేసి, ఆ ఖాళీలో 30 మి.లీ. అపెరోల్, నాలుగు చుక్కల నిమ్మరసం. అంతే.

పార్టీకి ముందే కలిపి పెట్టుకోవాలనుకుంటారేమో, అందుకని ఇది చెబుతున్నాను. ఒకసారి ఒక హోటల్ విందులో ఎనభై మందికి స్ప్రిట్జ్ కావాలన్నారు. టెన్షన్‌లో వైన్, అపెరోల్, సోడా అన్నీ పెద్ద గాజు జాడీల్లో ముందే కలిపేశాను. గంట తర్వాత అతిథుల చేతికి వెళ్ళింది బుడగలు లేని నారింజ నీళ్ళు. ఆ రాత్రి సగానికి పైగా గ్లాసులు నిండుగానే వెనక్కి వచ్చాయి. ఇప్పటికీ బాధగా ఉంటుంది. బుడగలున్నదేదీ ముందు కలపకండి. నిమ్మరసం ఉన్నవి అదే రోజు కలపండి. కాంటెస్సా లాంటివి మాత్రం రెండు రోజుల ముందే కలిపి, ప్రతి 100 మి.లీ.కి 25 మి.లీ. నీళ్ళు చేర్చి సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఐస్ కరిగి రావాల్సిన నీళ్ళు అవే, వాటిని మరిచిపోతే ఘాటుగా ఉంటుంది.

తేలికది కదా అని మీరు రాసిన మాట మీద ఒక లెక్క. పై కొలతతో ఒక స్ప్రిట్జ్‌లో 60 మి.లీ. అపెరోల్, 90 మి.లీ. వైన్, రెండూ 11 శాతం అనుకుంటే, 16.5 మి.లీ. శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో మామూలుగా దొరికే 42.8 శాతం విస్కీ ఒక లార్జ్ పెగ్గులో సుమారు 25.7. అంటే రెండు స్ప్రిట్జ్‌లు తాగితే ఒక లార్జ్ దాటిపోయినట్టే. అది రసంలా దిగిపోతుంది కాబట్టి రెండోది ఎప్పుడు అయిందో తెలియదు. ఇంటికొచ్చినవాళ్ళు బండి మీద వచ్చారా అన్నది మొదటి గ్లాసు పోసే ముందే అడగండి.

పక్కన తినడానికి ఉప్పగా ఉండేవి పెట్టండి. నెయ్యిలో వేయించి ఉప్పు చల్లిన పలాస జీడిపప్పు నాకు తెలిసినంతలో అన్నింటికంటే బాగా కుదురుతుంది. పచ్చిమిర్చి బజ్జీలు మాత్రం వద్దు, సోడా బుడగలు ఆ మంటను ఇంకా పెంచుతాయి. తొక్క పిండడానికి నాగపూర్ కమలా పనికిరాదు. తొక్క వదులుగా, పలుచగా ఉండి చిరిగిపోతుంది. గట్టి తొక్క ఉన్న ఆరెంజ్ దొరక్కపోతే బత్తాయి తీసుకుని, పీలర్‌తో పైపొర మాత్రమే తీయండి, కింద ఉన్న తెల్లపొర రాకుండా. స్ప్రిట్జ్‌లో వేసే ముక్కకైతే ఏ నారింజైనా పర్వాలేదు.

మూత తీసిన సీసాను ఫ్రిజ్ తలుపులో నిలబెట్టండి. ఆల్కహాల్ తక్కువ కాబట్టి విస్కీలా బయట ఏళ్ళతరబడి ఉంచేది కాదు. పాడైపోదు గానీ, నా అనుభవంలో మూడు నాలుగు నెలలు దాటితే తొక్క వాసన తగ్గి ఉత్త తీపి మిగులుతుంది. లీటరు అంటే పదహారు స్ప్రిట్జ్‌లు, లేదా ముప్ఫై పైచిలుకు బర్బన్ సవర్లు. ముందు బర్బన్‌తో చేసి ఎలా వచ్చిందో రాయండి, నిమ్మకాయ ఎంత పిండారో కూడా చెప్పండి.